గ్రాంటు ఇచ్చినవాళ్లు ‘అందరికీ ఉచితం’ అంటారు, జర్నల్ మూడు వేల డాలర్లు అంటుంది. దారేది?

హబ్సిగూడ_స్కాలర్

నమస్తే అందరికీ. మా ల్యాబ్ పేపర్ పోయిన వారం యాక్సెప్ట్ అయింది. వెంటనే జర్నల్ నుంచి ఇంకో మెయిల్ వచ్చింది, ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగలిగేది) కావాలా, మామూలు సబ్‌స్క్రిప్షన్ పద్ధతి కావాలా, ఏదో ఒకటి టిక్ పెట్టండి అని. ఓపెన్ అయితే మూడు వేల డాలర్ల పైమాట. మామూలుదైతే పైసా కట్టక్కర్లేదు కానీ కాపీరైట్ వాళ్లకు రాసిచ్చేయాలి. "దీనికింత ఆలోచనెందుకు, రెండోది కొట్టెయ్" అన్నారు గైడ్ గారు.

చిక్కు ఎక్కడంటే ఈ ప్రాజెక్టులో కొంత డబ్బు కేంద్ర ప్రభుత్వ శాఖది, కొంత ఒక విదేశీ ఫౌండేషన్‌ది. ఫౌండేషన్ తరఫు కోఆర్డినేటర్‌కు చెబితే ఆవిడ ఒప్పందంలోని పేరా కాపీ చేసి పంపింది. పేపర్ వచ్చిన రోజు నుంచే ఎవరైనా ఉచితంగా చదవగలగాలట, సీసీ బై లైసెన్సు (రచయిత పేరు చెబితే ఎవరైనా వాడుకోవచ్చనేది) ఉండాలట, ఏపీసీ, అంటే ఆ ఓపెన్ ఫీజు మాత్రం వాళ్లు కట్టరట! ఓపెన్ చెయ్యి అనేదీ వాళ్లే, డబ్బు ఇవ్వం అనేదీ వాళ్లే. ల్యాబ్‌లో సీనియర్ అన్నని అడిగితే "అందరూ రెండోదే కొడతారు, ఎవరూ చూడరు" అన్నాడు. నిజంగానే ఎవరూ చూడరా? చూస్తే ఏమవుతుంది? నా ఫెలోషిప్ ఇంకో ఏడాదే ఉంది, ఇప్పుడు ఈ టెన్షన్ అవసరమా?

పాత_లైబ్రేరియన్

బాబూ, ఇప్పుడే ఏ టిక్కూ పెట్టకు.

నువ్వు చెప్పిన రెండు దారులూ జర్నల్ చూపించినవి. మూడోది అది చూపించదు, అందులో దానికి వచ్చేదేమీ లేదు కనుక. రివ్యూ అంతా అయి, ఎడిటర్ సరే అన్నాక నీ దగ్గర ఆఖరి వర్డ్ ఫైల్ ఒకటి ఉంటుంది చూడు, వాళ్లు పేజీలు కట్టి లోగో వేయకముందుది, దాన్ని యాక్సెప్టెడ్ మాన్యుస్క్రిప్ట్ అంటారు. దాన్ని రిపాజిటరీలో, అంటే పేపర్లను ఉచితంగా ఉంచే ఆన్‌లైన్ భాండాగారంలో పెడితే పేపర్ అందరికీ అందినట్టే, ఎవరికీ ఏమీ కట్టనక్కర్లేదు. మీ ఫౌండేషన్ అడుగుతున్నది బహుశా ఇదే. గేట్స్ ఫౌండేషన్ 2025 జనవరి నుంచి దాదాపు ఇలాంటి పద్ధతిలోకే వచ్చింది, ఏపీసీలు కట్టడం మానేసి, రివ్యూకు ముందే పేపర్‌ను అందరికీ పెట్టే ప్రిప్రింట్‌ను తప్పనిసరి చేసింది. అంతకుముందు వాళ్లే ఆ ఫీజులు ఏళ్ల తరబడి కట్టారు. కట్టిన వాళ్లే ఎందుకు మానేశారన్నది ఆలోచించాల్సిన విషయం.

ముందు ఒక సంగతి చెప్పు. పేపర్ పంపినప్పుడు అందులో ఎక్కడైనా "ఈ పనికి వచ్చే యాక్సెప్టెడ్ మాన్యుస్క్రిప్ట్‌కు రచయిత సీసీ బై లైసెన్సు ఇచ్చారు" అనే వాక్యం పెట్టారా?

హబ్సిగూడ_స్కాలర్

లేదు సార్. అలాంటి వాక్యం ఒకటి ఉంటుందనే మాకు తెలియదు. అక్నాలెడ్జ్‌మెంట్‌లో గ్రాంటు నంబర్లు రాశాం, అంతే.

పాత_లైబ్రేరియన్

అదే వస్తుంది తంటా. ఆ వాక్యం వెనక కథ చెబుతాను, కొంచెం పొడుగవుతుంది.

2018 సెప్టెంబరులో యూరప్‌లో కొన్ని ఫండింగ్ ఏజెన్సీలు కలిసి ‘ప్లాన్ ఎస్’ అని ప్రకటించాయి. 2021 నుంచి మా డబ్బుతో జరిగిన పరిశోధన వచ్చిన రోజునే ఉచితంగా ఉండాలి, ఆరు నెలలు, ఏడాది ఆగడాలు కుదరవు అన్నారు. ప్రచురణకర్తలు సరే, అయితే ఏపీసీ కట్టండి అన్నారు. దానికి జవాబుగా 2020లో ఈ ఏజెన్సీలు హక్కులు అట్టిపెట్టుకునే పద్ధతి తెచ్చాయి. అంటే రచయిత పేపర్ పంపే రోజునే, కాపీరైట్ ఫారం ఇంకా కనుచూపు మేరలో లేనప్పుడే, నా ఫైలుకు నేను ముందే లైసెన్సు ఇచ్చేశాను అని రాసిపెట్టడం. ఆ తర్వాత జర్నల్ ఏ ఫారం ముందు పెట్టినా ‘నాకు తెలియదు’ అనడానికి వీల్లేదు. ఇందులో కిటుకంతా ముందు రాయడంలోనే ఉంది.

నీకు ఆలస్యమైంది కానీ దారి మూసుకుపోలేదు. ఎడిటర్‌కు మర్యాదగా రాయి, ఫండర్‌తో ఒప్పందం మాకు పేపర్ పంపకముందే ఉంది, దాని ప్రకారం యాక్సెప్టెడ్ మాన్యుస్క్రిప్ట్‌ను రిపాజిటరీలో పెట్టాలి, మీ ఫారంలో అందుకు చోటిస్తారా అని. ఫారం మీద సంతకం మాత్రం జవాబు వచ్చాకే. జర్నల్ వెబ్‌సైట్‌లో స్వీయ ఆర్కైవింగ్ నియమాల పేజీ ఉంటుంది, ఎన్ని నెలల ఎంబార్గో (ఆగాల్సిన గడువు) ఉందో అందులో చూడు.

చిరాకు_పీఐ

లైబ్రేరియన్ గారు చెప్పింది అక్షరాలా నిజం, కానీ నేలమీద సంగతి నేను చెబుతాను. ఈ ఊళ్లోనే ఒక కేంద్ర ల్యాబ్‌లో నా గ్రూపు ఉంది. మన కేంద్ర బయోటెక్నాలజీ శాఖ డీబీటీ, శాస్త్ర సాంకేతిక శాఖ డీఎస్టీ కలిసి 2014 డిసెంబరులోనే ఓపెన్ యాక్సెస్ పాలసీ తెచ్చాయి. ప్లాన్ ఎస్‌కి నాలుగేళ్ల ముందు! యాక్సెప్ట్ అయిన రెండు వారాల్లో ఫైలు రిపాజిటరీలో పెట్టాలి, 2012-13 ఆర్థిక సంవత్సరం నుంచి వచ్చిన నిధులతో రాసిన పేపర్లన్నిటికీ వర్తిస్తుంది. చదివితే బ్రహ్మాండంగా ఉంటుంది. నా బ్యాచ్ వాళ్లను పదిమందిని అడగండి, ఎంతమంది పెట్టారో.

ఎందుకు పెట్టరు? బద్ధకం ఒకటి, ఒప్పుకుంటాను. అసలు కారణం వేరే. నేను రాసే ప్రోగ్రెస్ రిపోర్టు ఫార్మాట్‌లో పేపర్ పేరు, జర్నల్ పేరు, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్ స్థాయి చూపే అంకె), ఇన్నిటికి గడులున్నాయి. రిపాజిటరీలో పెట్టావా అనే గడి లేదు. రివ్యూ కమిటీ ముందు ప్రెజెంటేషన్ ఇచ్చినప్పుడు "నేచర్ గ్రూపులో వచ్చిందా, శభాష్" అన్నవాళ్లున్నారు కానీ "ఏదీ, లింకు చూపించు, మా ఇంట్లోంచి తెరుచుకుంటుందా" అన్న మహానుభావుడు ఒక్కడూ తగల్లేదు. అడగని దానికి జవాబు ఎవరు రాస్తారండీ.

గోపనపల్లి_గణితం

మాకీ గోలేమీ లేదు, 1990ల నుంచి ఆర్కైవ్ (arXiv) అనే ప్రిప్రింట్ సైట్లో పెట్టేస్తున్నాం. పేపర్ రాయడం, అప్‌లోడ్ చేయడం, పడుకోవడం. ఏ ఫండరూ చెప్పలేదు, ఏ ఫండరూ అడగలేదు.

చిరాకు_పీఐ

> ఏ ఫండరూ చెప్పలేదు

మీకు అలవాటు ముందొచ్చింది, రూలు తర్వాత వచ్చింది. మా బయాలజీలో తలకిందులు. ఇప్పటికీ "ప్రిప్రింట్ పెడితే ఎవరో ఎత్తుకుపోతారు" అని భయపడే గైడ్లున్నారు, 2013 నుంచి బయోఆర్కైవ్ ఉన్నా సరే. మీరు హాయిగా పడుకోండి.

పాత_లైబ్రేరియన్

పీఐ గారు చెప్పిన గడి సంగతి మీద కొంచెం ఆగాలి, అసలు విషయం అక్కడే ఉంది. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌దే చూడండి. 2005లో వాళ్లు "దయచేసి మీ పేపర్లను మా రిపాజిటరీ పబ్‌మెడ్ సెంట్రల్‌లో పెట్టండి" అని పాలసీ పెట్టారు. దయచేసి అన్నారు కనుక జనం దయ చూపలేదు. 2008 ఏప్రిల్ నుంచి చట్టం ద్వారా తప్పనిసరి చేశారు, పన్నెండు నెలల లోపు జనానికి అందాలని. అప్పుడు బాగా పెరిగాయి. అయినా కొందరు జారుకున్నారు. 2013లో ఇంకో మెట్టు ఎక్కి, పాలసీ పాటించని పేపర్లు జాబితాలో ఉంటే తర్వాతి ఏడాది గ్రాంటు విడుదల ఆపడం మొదలుపెట్టారు. ఇక ప్రొఫెసర్లు తమ పాత విద్యార్థులకు ఫోన్లు చేసి మరీ ఫైళ్లు వెతికించుకున్నారు.

బ్రిటన్‌లో వెల్‌కమ్ ట్రస్ట్ కూడా అంతే. తప్పనిసరి నియమం 2000ల మధ్యలోనే పెట్టింది. పాటించకపోతే గ్రాంటులో ఆఖరి 10 శాతం ఆపుతామని 2012లో చెప్పింది. అక్కడి యూనివర్సిటీలకు ఆర్‌ఈఎఫ్ అనే మదింపు ఉంది, దాని మీదే ప్రభుత్వ నిధులు ఆధారపడతాయి. 2016 ఏప్రిల్ నుంచి యాక్సెప్ట్ అయిన పేపర్లలో రిపాజిటరీలో లేనివి ఆ లెక్కలోకే రావన్నారు. ఒక్క వాక్యం! దాంతో ప్రతి యూనివర్సిటీ లైబ్రరీలో ఈ పని కోసమే మనుషుల్ని పెట్టారు.

మన 2014 పాలసీ ఏ విధంగానూ వాటికి తీసిపోదు. దాని వెనక ఆపే చెయ్యి లేదు, అంతే తేడా.

అకౌంట్స్_అంజయ్య

నేను సైంటిస్టును కాదు, ప్రాజెక్టు సెక్షన్‌లో బిల్లులు చూస్తాను. మీరంతా పాలసీ, పాలసీ అంటున్నారు, మా టేబుల్ మీదికి వచ్చేసరికి ఎలా ఉంటుందో చెప్తా.

గ్రాంటులో హెడ్లు ఉంటాయి, మ్యాన్‌పవర్, కన్స్యూమబుల్స్, ట్రావెల్, కంటింజెన్సీ, ఓవర్‌హెడ్స్. పబ్లికేషన్ ఫీజు అనే హెడ్ చాలా శాంక్షన్ ఆర్డర్లలో ఉండదు. సార్ వచ్చి కంటింజెన్సీలో వేసెయ్ అంజయ్యా అంటారు. కంటింజెన్సీ ఉన్నదే ఏడాదికి లక్షో, లక్షన్నరో. ఇన్వాయిస్ రెండున్నర లక్షలు, పైగా డాలర్లలో. సరే ఏదో చేద్దాం అనుకుంటే ఇంకో చిక్కు, ప్రాజెక్టు మార్చి 31కి ముగిసిపోయి ఉంటుంది. పేపర్ ఏమో పని అయిపోయిన ఏడాదికో రెండేళ్లకో వస్తుంది కదా. యూసీ (ఖర్చు లెక్కల ధ్రువపత్రం) పంపేశాం, మిగిలిన డబ్బు వెనక్కి కట్టేశాం, అప్పుడు తెచ్చి ఇన్వాయిస్ ఇస్తారు. ఏ హెడ్‌లో వేయను? ఆడిటర్ వచ్చి ఇది దేని కింద అంటే ఏం చెప్పను? కొంతమంది సార్లు సొంత జేబులోంచి కట్టారు, నా కళ్లతో చూశా.

ఈ లైబ్రేరియన్ సార్ చెప్పే పద్ధతిలో బిల్లే లేదు కాబట్టి నా ఓటు దానికే.

మైలార్‌దేవ్‌పల్లి_మేడమ్

అంజయ్య గారూ, మీ పోస్ట్ ప్రింట్ తీసి మా డీన్ గది తలుపు మీద అంటించాలని ఉంది 😄

నేను ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. మాకు ప్రాజెక్టులు లేవు, గ్రాంట్లు లేవు, ఫండర్ అంటే మా నెల జీతమే. కానీ ఏటా ఇన్ని పేపర్లు చూపించాలని టార్గెట్ మాత్రం ఉంటుంది. ఎక్కడో ఏజెన్సీలు "ఓపెన్ అయితేనే డబ్బు" అన్నాయి, ఏపీసీ అనేది మామూలు మాటైపోయింది, దాంతో డబ్బు కడితే వారంలో వేస్తాం అనే దుకాణాలకు కూడా గౌరవం వచ్చేసింది. మెయిల్ తెరిస్తే చాలు, "గౌరవనీయ డాక్టర్ గారూ, మీ అమూల్యమైన వ్యాసం" అంటూ మొదలు. నాకింకా పీహెచ్‌డీ కూడా రాలేదు!

ఇందులో మన ఊరి వంతు కూడా ఉంది, దాచడం దేనికి. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ అనే జర్నళ్ల ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది, రివ్యూ చేస్తున్నామని చెప్పి చేయడం లేదని, ఫీజు సంగతి ముందు చెప్పకుండా రచయితల్ని మోసం చేస్తున్నారని. 2019లో కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. బయటివాళ్లకు హైదరాబాద్ నుంచి పేపర్ అంటే అనుమానం రావడానికి ఇదీ ఒక కారణం, పాపం నిజాయతీగా పని చేసేవాళ్లంతా దాన్ని మోస్తున్నారు.

చిరాకు_పీఐ

మేడమ్, ఆ దుకాణాలకు బలం ఫండర్ల ఓపెన్ యాక్సెస్ నియమాల వల్ల వచ్చిందంటే నేను ఒప్పుకోను. వాటిని పోషించింది లెక్కల పిచ్చి. ఇన్ని పేపర్లుంటేనే ప్రమోషన్, పేపర్ ఉంటేనే థీసిస్ అన్నారు, జనం కొనుక్కున్నారు. 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో యూజీసీ పేపర్ తప్పనిసరి అనే షరతు తీసేసింది కదా, అది పదేళ్ల ముందు చేయాల్సింది.

మైలార్‌దేవ్‌పల్లి_మేడమ్

యూజీసీ తీసేసింది సార్, మా యాజమాన్యం తీయలేదు. నేననేది కూడా పూర్తిగా మీరన్నదే, కొంచెం ఇంకో వైపు నుంచి. రచయిత డబ్బు కట్టడం అనేది మామూలు సంగతిగా మారితేనే కదా ఆ డబ్బు కోసం దుకాణం తెరుస్తారు. ఏపీసీ అనే అలవాటును పెద్ద ఏజెన్సీలు తమ డబ్బుతో పెంచి పోషించాయి, మేం దాని కింద నలిగాం.

పాత_లైబ్రేరియన్

ఇద్దరూ సగం సగం సరైనవారే. మేడమ్ చెప్పిన రెండో భాగానికి చరిత్రలో ఆధారం ఉంది. 2012లో బ్రిటన్‌లో ఫించ్ కమిటీ నివేదిక వచ్చింది, డబ్బు కట్టి ఓపెన్ చేసే పద్ధతికే మొగ్గు చూపమంది. 2013 నుంచి అక్కడి రీసెర్చ్ కౌన్సిళ్లు యూనివర్సిటీలకు ఏపీసీల కోసం విడిగా ఏకమొత్తంగా సొమ్ము ఇచ్చాయి. దాంట్లో పెద్ద భాగం ఎక్కడికి పోయిందంటే హైబ్రిడ్ జర్నళ్లకు. అంటే లైబ్రరీ చందా కడుతూనే ఉంటుంది, అదే జర్నల్‌లో ఒక్కో వ్యాసాన్ని తెరవడానికి రచయిత మళ్లీ కడతాడు. సినిమాకు టికెట్ తీసుకుని లోపలికి వెళ్లాక కుర్చీకి మళ్లీ వసూలు చేసినట్టు. ప్లాన్ ఎస్ వాళ్లు హైబ్రిడ్‌కు డబ్బు ఇవ్వం అన్నది ఇది చూశాకే. అయినా మెల్లగా మారతామని ఒప్పందం రాసుకున్న జర్నళ్లకు 2024 చివరి దాకా గడువిచ్చారు. ఫండర్ చెల్లిస్తుందని తెలిస్తే ధర ఎవరు తగ్గిస్తారు? నేచర్ పత్రిక 2020 చివర్లో ప్రకటించిన ఓపెన్ యాక్సెస్ ధర 9,500 యూరోలు. ఒక్క వ్యాసానికి!

ఎన్‌ఐహెచ్ కూడా 2025 జులైలో, ఏపీసీకి ఇంతకు మించి ఇవ్వం అని గరిష్ఠ పరిమితి పెట్టబోతున్నట్టు చెప్పింది. అదే నెల ఒకటో తేదీ నుంచి పన్నెండు నెలల ఎంబార్గో కూడా ఎత్తేశారు. 2022లో వైట్‌హౌస్ సైన్స్ కార్యాలయం ఇచ్చిన ఆదేశానికి 2025 చివరి దాకా గడువుండేది, వీళ్లు ముందే అమలు చేశారు.

హబ్సిగూడ_స్కాలర్

మనది పేద దేశం కదా, ఫీజు మాఫీ అడగొచ్చు కదా అని మా ల్యాబ్‌లో ఒకమ్మాయి అంటోంది. అడగనా?

పాత_లైబ్రేరియన్

అడిగితే పోయేదేమీ లేదు. ఆశ పెట్టుకోకు. చాలా పెద్ద ప్రచురణ సంస్థల మాఫీ జాబితాలో మనం ఉండం. ఉదాహరణకు స్ప్రింగర్ నేచర్ నియమంలో ప్రపంచ బ్యాంకు లెక్కన తక్కువ ఆదాయ దేశాలకు మాఫీ, దిగువ మధ్య ఆదాయ దేశాలకైతే దేశ జీడీపీ 20,000 కోట్ల డాలర్ల లోపు ఉంటేనే రాయితీ. మన తలసరి ఆదాయం చూస్తే దిగువ మధ్య ఆదాయం, మొత్తం జీడీపీ చూస్తే గీత దాటి ఎక్కడో ఉన్నాం. జనాభా ఎక్కువ కావడం వల్ల మన ల్యాబులకు రాయితీ పోయిందన్నమాట.

రాత్రి_డెస్క్

నేను పత్రికలో ఆరోగ్యం పేజీ చూస్తాను. మీరంతా రాసేవాళ్ల వైపు నుంచి మాట్లాడుతున్నారు, చదివేవాళ్ల సంగతి కూడా వినండి. మన ఎన్ఐఎన్, సీసీఎంబీ లాంటి చోట్ల జనం డబ్బుతో జరిగిన పని మీద వార్త రాయాలంటే ఎన్నోసార్లు ప్రెస్ నోట్ మాత్రమే దొరుకుతుంది, పేపర్ తెరిస్తే ముప్పై, నలభై డాలర్లు కట్టమంటుంది. రచయితకు మెయిల్ పెడితే కొందరు పంపుతారు, కొందరు సెలవులో ఉంటారు, డెస్క్ మాత్రం రాత్రి పదకొండింటికి పేజీ వదలాలి.

ప్రభుత్వమే జర్నళ్ల చందా కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చింది కదా, ఇక అన్నీ తెరుచుకుంటాయని మా ఎడిటర్ అనుకున్నారు. మాకేమీ తెరుచుకోలేదు.

చిరాకు_పీఐ

తెరుచుకోదు. అది ప్రభుత్వ విద్యాసంస్థలకూ, ప్రభుత్వ పరిశోధన సంస్థలకూ మాత్రమే. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు ఆమోదించింది, 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13,000 జర్నళ్లు, 6,300 సంస్థలు. జనవరి 2025 నుంచి నడుస్తోంది. పేరులో ‘నేషన్’ ఉంది కానీ విలేకరి, డాక్టర్, రైతు, మేడమ్ పని చేసే ప్రైవేటు కాలేజీ, వీళ్లెవరూ ఈ నేషన్‌లోకి రారు.

నా బాధ ఏంటంటే ఇది ఓపెన్ యాక్సెస్ కాదు, తాళం అలాగే ఉంచి ఎక్కువమందికి తాళంచెవులు అద్దెకు తీసుకోవడం. అద్దె ఆపితే మళ్లీ మొదటికే.

పాలమూరు_పిల్లోడు

సార్, మీకు అది అద్దె తాళంచెవి. నాకు మొదటి తాళంచెవి. నేను జిల్లాలో ఉన్న రాష్ట్ర యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసి ఇప్పుడు హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఎమ్మెస్సీలో ఉన్నప్పుడు మా లైబ్రరీలో ఉన్న జర్నళ్ల పాత సంచికల మీద దుమ్ము తప్ప ఏమీ లేదు. పేపర్ కావాలంటే ఏం చేసేవాళ్లమో మీ అందరికీ తెలుసు, ఇక్కడ పేరు రాయనక్కర్లేదు, దొంగకాపీలు ఇచ్చే ఆ సైటునూ 2025లో ఢిల్లీ హైకోర్టు బ్లాక్ చేయమంది. ఇప్పుడు మా జూనియర్లు పేపర్ అఫీషియల్‌గా తెరుస్తున్నారు, దొంగతనం చేస్తున్నామనే ఫీలింగ్ లేకుండా. పాలసీ మంచిదా చెడ్డదా అని పెద్దవాళ్లు వాదించుకోవచ్చు, కానీ వాళ్లకు అది లేకుండా చేయమనకండి.

చిరాకు_పీఐ

తమ్ముడూ, లేకుండా చేయమనలేదు. ఆ 6,000 కోట్ల బేరం ఆడేటప్పుడు మన దేశంలో రాసిన వ్యాసాలు ఏపీసీ లేకుండా ఓపెన్ కావాలి అని కూడా అదే బల్ల మీద గట్టిగా అడగాల్సింది. జర్మనీ వాళ్ల ప్రాజెక్ట్ డీల్ చూడు, చదవడం, ప్రచురించడం రెండూ ఒకే ఒప్పందంలో పెట్టారు. అంత పెద్ద కొనుగోలుదారు చేతిలో ఉన్న బలం చిన్నది కాదు. మనం చదివే హక్కు కొనుక్కున్నాం, ప్రచురణ ఫీజులకు విడిగా ఒక నిధి పెట్టారు, అదీ ఎంపిక చేసిన జర్నళ్లకే.

రాత్రి_డెస్క్

అసలు మనం ప్లాన్ ఎస్‌లో చేరతామని అప్పట్లో ఒక వార్త వచ్చింది, నాకు గుర్తు. ఏమైంది?

పాత_లైబ్రేరియన్

2019 ఫిబ్రవరిలో అప్పటి ప్రధాన శాస్త్రీయ సలహాదారు విజయరాఘవన్ గారు చేరతామన్నారు. అదే ఏడాది అక్టోబరుకు, మన దారి మనం చూసుకుంటామన్నారు. ఏపీసీల భారం మన మీద పడుతుందనే వాదన అప్పుడు బలంగా నడిచింది, అందులో న్యాయం లేకపోలేదు. చేరకపోవడం తప్పని నేననను. మన సొంత 2014 పాలసీని అప్పుడైనా తట్టి లేపి ఉండాల్సింది.

ఇంకో మాట. ఓపెన్ అంటే ఏపీసీ అనుకునేవాళ్లు బెంగళూరు వైపు చూడండి. ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ జర్నళ్లు, కరెంట్ సైన్స్, ఇవి వాటి సైట్లలో ఎవరైనా చదువుకోవచ్చు, రచయిత నుంచి ఫీజు తీసుకోరు. ఇలాంటివాటిని డైమండ్ అంటున్నారు ఇప్పుడు, మనం ఆ పేరు పుట్టకముందు నుంచే చేస్తున్నాం. మన ఏజెన్సీలు కొంత డబ్బు వీటి ఎడిటర్లకూ, సాఫ్ట్‌వేర్‌కూ ఇస్తే ఎంత బాగుపడతాయో.

గోపనపల్లి_గణితం

అవును, కానీ అందులో పేపర్ వేస్తే ప్రమోషన్ కమిటీ "విదేశీ జర్నల్‌లో రాలేదా" అంటుంది. ఆ కమిటీలో కూర్చునేది ఇక్కడ బాధపడుతున్న మనలాంటివాళ్లే.

చిరాకు_పీఐ

తగిలింది. కూర్చున్నాను, అన్నాను కూడా.

బంజారాహిల్స్_బయో

హైదరాబాద్‌లోనే ఆఫీసు ఉన్న ఫండర్ గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? డీబీటీ, వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి పెట్టిన ఇండియా అలయన్స్ ఇక్కడే ఉంది. నేను వాళ్ల ఫెలోషిప్ మీద పని చేశాను, పేపర్లు యూరప్ పీఎంసీ అనే ఉచిత రిపాజిటరీలో ఉండాలని మొదటి రోజే చెబుతారు, అలవాటైపోయింది. అదే ల్యాబ్‌లో పక్క బెంచీ మీద వేరే ఏజెన్సీ డబ్బుతో పని చేసిన స్నేహితుడికి అలాంటిది ఒకటి ఉందని కూడా తెలియదు. ఇద్దరం ఒకే గైడ్ దగ్గర, ఒకే జర్నల్‌లో వేశాం. నాది ఎవరైనా చదవొచ్చు, వాడిది వాళ్ల నాన్న కూడా చదవలేడు. పటాన్‌చెరులో ఇక్రిశాట్ వాళ్లకు కూడా సొంత ఓపెన్ రిపాజిటరీ ఉంది, 2013 నుంచి అది భాగమైన అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన కూటమి సీజీఐఏఆర్ మొత్తానికీ పాలసీ ఉంది. కాబట్టి ఇది మనవల్ల కాని పని ఏమీ కాదు.

హబ్సిగూడ_స్కాలర్

ఎడిటర్ నుంచి జవాబు వచ్చింది. ఆరు నెలల తర్వాత అయితే రిపాజిటరీలో పెట్టుకోండి, లైసెన్సు మాత్రం సీసీ బై కుదరదు అంటున్నారు. కోఆర్డినేటర్ ఏమో ఆరు నెలలు కుదరదు, ప్రిప్రింట్ సీసీ బైతో పెట్టి ఉంటే ఆ ముక్క మా లీగల్ వాళ్లతో మాట్లాడతాను అంటోంది. ప్రిప్రింట్ పెట్టాం, కానీ లైసెన్సు ఏం ఎంచుకున్నామో చూడాలి. గైడ్ గారు మాత్రం "ఇదంతా ముందే తెలిస్తే వేరే జర్నల్‌కి పంపేవాళ్లం కదా" అన్నారు. నాకైతే ఆ మాటే చాలా నచ్చింది.

పాత_లైబ్రేరియన్

అదీ సంగతి. ఫండర్ పాలసీ నిజంగా పని చేసేది అక్కడ, ఏ జర్నల్‌కు పంపాలో ఆలోచించేటప్పుడు. నువ్వు నిలబడ్డది ఇంకా కాస్త అవతల, తలుపు దగ్గర. ప్రిప్రింట్ లైసెన్సు చూసి ఇక్కడ రాయి.

మైలార్‌దేవ్‌పల్లి_మేడమ్

సార్, మాలాంటి కాలేజీకి రిపాజిటరీయే లేదు, మరి మేం ఎక్కడ పెట్టాలి?

పాత_లైబ్రేరియన్

యూరప్ భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్ నడిపే జెనోడో ఉందమ్మా, ఉచితం, ఎవరైనా పెట్టుకోవచ్చు, ఫైలుకు డీఓఐ (శాశ్వత గుర్తింపు నంబరు) కూడా వస్తుంది. జర్నల్ నియమం ఏ వెర్షన్‌కు ఒప్పుకుంటుందో చూసి పెట్టండి. ప్రచురించిన పీడీఎఫ్ మాత్రం ఎక్కించకండి, చాలామంది అక్కడే దొరికిపోతారు.

చిరాకు_పీఐ

ఒక ఏజెన్సీ ప్రోగ్రెస్ రిపోర్టు ఫార్మాట్ మార్చే కమిటీలో నన్ను వేశారు, వచ్చే నెల మీటింగ్. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ గడి తీసేసి అక్కడ రిపాజిటరీ లింకు గడి పెట్టమని అడుగుతాను. మొదటిది తీయనివ్వరు, రెండోదైనా ఒప్పిస్తాను. లింకు ఖాళీగా వదిలేస్తే ఏం చేయాలో కూడా ఫార్మాట్‌లోనే రాయాలంటారా?

పాత_లైబ్రేరియన్

రాయించండి. అది లేకపోతే గడి ఉన్నా లేనట్టే.

అకౌంట్స్_అంజయ్య

ఖాళీగా ఉంటే ఆఖరి విడత ఆపమని రాయండి సార్. ఆపడంలో మా సెక్షన్‌కు మంచి ప్రాక్టీసు ఉంది.